నూకరత్నం ఒళ్ళు చేసిన వేసవి

2016 జూలై నెల మొదటి సోమవారం, పొద్దున్న పదిన్నర గంటలకు, చేపలమ్మే అప్పయ్యమ్మ తన మనవరాలు నూకరత్నాన్ని మా చెవి, ముక్కు, గొంతు ఓపీకి తీసుకొచ్చింది. పిల్లకు ఆరేళ్ళు. ఏప్రిల్‌లో ఆ పిల్లకు మేం టాన్సిల్స్ తీశాం. తీసిన మూడు నెలలకు ఒకసారి చూపించుకోమని చెబుతాం కాబట్టి వచ్చారు. వెంట పిల్ల తల్లి ఎర్రమ్మ కూడా ఉంది.

అప్పుడు నేను ఆ ఆసుపత్రిలో థియేటర్ ఆయాని. విజయనగరం జిల్లాలో, సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న ఊళ్ళో ట్రస్టువాళ్ళు నడిపే చిన్న ఆసుపత్రి అది. పేరు అనవసరం. పైన సర్జను, మత్తు డాక్టరు, తర్వాత హెడ్ సిస్టరు, స్టాఫ్ నర్సులు, అందరి కిందా ఆయాలు. ఆయాల్లో కూడా వార్డు ఆయా వేరు, థియేటర్ ఆయా వేరు. నేను ఊడ్చే పనికి చేరినదాన్ని. సీసా మీద రాసింది చదవలేని మనిషిని థియేటర్ గడప దాటనివ్వరు. నలభై దాటాక హెడ్ సిస్టర్ సుగుణ గారు భోజనాల వేళ నన్ను కూర్చోబెట్టి దిద్దించారు. అక్షరాల కంటే ముందు అంకెలు నేర్పారు. ఆపరేషనుకు ముందు పిల్లల్ని కాటా మీద నిలబెట్టి బరువు చూసి చెప్పడం థియేటర్ ఆయా పని. మత్తుమందు ఎంత ఇవ్వాలో ఆ బరువును బట్టే లెక్క కడతారు.

టాన్సిల్స్ ఆపరేషను గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. కొండనాలుకకు అటూ ఇటూ రెండు గడ్డల్లా ఉంటాయి, అవే టాన్సిల్స్. అందరికీ ఉంటాయి. కొందరు పిల్లలకు అవి మాటిమాటికీ చీము పట్టి, ఉబ్బి, రెండూ మధ్యలో ఒకదానికొకటి తగిలేదాకా పెరుగుతాయి. ముద్ద దిగదు. నెలకోసారి జ్వరం. పడుకుంటే గాలి ఆడక నోరు తెరిచి గురకపెడుతూ, ఊపిరి లాగడానికే ఒంట్లో బలమంతా ఖర్చు పెట్టుకుంటారు. అలాంటి పిల్లలు ఎంత పెట్టినా పుల్లల్లాగే ఉంటారు. అందుకే మా సర్జన్ డాక్టర్ వసంత గారు ప్రతి తల్లికీ ఒకే మాట చెప్పేవారు: "మొదటి వారం తినదు, ఇంకాస్త చిక్కుతుంది. భయపడకండి. ఆ తర్వాత తింటుంది, ఒళ్ళు చేస్తుంది." ఆ మాట నిజం. నా కళ్ళతో చూశాను. సాలూరు నుంచి ఒక లారీ డ్రైవరు కొడుకు వచ్చాడు, చెయ్యి పట్టుకుంటే ఎముకలు చేతికొచ్చేలా ఉండేవాడు. ఆరు నెలలకు వాణ్ణి వాళ్ళ నాన్న చూపిస్తే నేను గుర్తుపట్టలేదు.

నూకరత్నం కూడా అలాంటి పిల్లే. ఏప్రిల్‌లో తెచ్చినప్పుడు పదమూడు కిలోలు. ఆరేళ్ళకు అది మరీ తక్కువ. తండ్రి దానయ్య గుజరాత్ వైపు పడవల్లో పనికి వెళ్ళాడు. మా సముద్రపు ఒడ్డు మగవాళ్ళు సగంమంది ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడే ఉంటారు. ఇంట్లో అత్తాకోడళ్ళూ, పిల్లా. పిల్ల తిండి దగ్గర వీళ్ళిద్దరికీ రోజూ గొడవే. అడ్మిషన్ రోజునే నాకు తెలిసిపోయింది.

"దీనికి తినిపించడం రాదొదినా," అంది అప్పయ్యమ్మ నాతో. నేను వాళ్ళ కులం కాదు, ఊరు కాదు, కానీ వచ్చిన గంటలోపే నన్ను వదిన చేసేసింది. "పిల్ల నోట్లో ముద్ద ఎట్టి కూకుంటాది. మింగిందో నేదో సూడదు."

ఎర్రమ్మ ఊరుకోలేదు. "నువ్వెట్టినప్పుడు మింగీసిందేటత్తా? నీ మీద ఉమ్మీనేదా?"

"నా మీదే గదే ఉమ్మింది. నీ మీద ఉమ్మనేదుగా. నీకేటి నొప్పి?"

పిల్ల మంచం మీద కూర్చుని ఇద్దర్నీ చూసి నవ్వింది. నోరు తెరిస్తే ఆ గడ్డలు రెండూ నాక్కూడా కనబడ్డాయి.

ఆపరేషను బాగా జరిగింది. భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి ఉంచే ఇనప పరికరం బిగించి తీస్తారు. ముప్పావు గంట పని. నా అసలు డ్యూటీ ఆ తర్వాతే. పిల్లను పక్కకు తిప్పి, తల కింద దిండు లేకుండా పడుకోబెట్టి, గొంతు మీద కన్నేసి ఉంచాలి. మత్తులో ఉన్న పిల్ల మాటిమాటికీ గుటక వేస్తుంటే లోపల రక్తం కారుతోందని అర్థం. రక్తం బయటికి రాదు, మింగేస్తారు. నూకరత్నం అలా ఏమీ గుటకలు వెయ్యలేదు. లేచి మొదట అడిగింది, ఐస్‌క్రీమ్.

అది మేమే చెప్పి ఉంచాం. చల్లటిది తింటే గాయానికి మంచిది. అప్పయ్యమ్మకు మాత్రం అది బొత్తిగా ఎక్కలేదు. ఇళ్ళల్లో బాలింతకు పెట్టినట్టు పథ్యం పెట్టాలని ఆమె లెక్క. వెల్లుల్లి కారం, వేడన్నం, మిరియాల చారు గిన్నెల్లో కట్టుకొచ్చింది. సిస్టర్ సుగుణ గారు మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టేశారు.

"గొంతు కోసినాక ఐసెడతారేటమ్మా! నానైతే సేపకెడతాను ఐసు," అంది అప్పయ్యమ్మ.

వార్డంతా నవ్వింది. సుగుణ గారు కూడా నవ్వి, అయినా గిన్నెలు తిప్పి పంపించేశారు.

నెల తిరిగాక మే నెలలో మొదటి తనిఖీకి వచ్చారు. గొంతు శుభ్రంగా మానింది. కాటా మీద నిలబెట్టాను. పద్నాలుగు. కిలో పెరిగింది. నేను అంకె పైకి చెప్పేసరికి అప్పయ్యమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది.

"గట్టిగా సెప్పకొదినా! దిట్టి తగుల్తాది. ఆ బల్ల మీదున్నోళ్ళందరూ ఇంటన్నారు."

ఇది వాళ్ళ ఒక్కరి అలవాటు కాదు. మా వైపు చిక్కిన పిల్ల కాస్త తేరుకుంటే ఎవరి కంటా పడనివ్వరు. బాగుందని అననివ్వరు. బరువు తూయనివ్వరు. అడిగింది మేం గనక వాళ్ళు కాటా ఎక్కనిచ్చారు గానీ, ఊళ్ళో స్కూలుకు పిల్లల బరువు చూసే నర్సమ్మ వచ్చిన రోజున నూకరత్నాన్ని బడికి పంపలేదట. ఇదంతా తర్వాత ఎర్రమ్మ చెప్పగా తెలిసింది. జూన్‌లో పిల్ల బుగ్గలు నిండాయి. నిండిన కొద్దీ అప్పయ్యమ్మ ఇంకా జాగ్రత్త పడింది. పాదాల దాకా గౌను కుట్టించింది. అంత ఎండలో చేతుల నిండా బట్ట. వీధిలో ఆడుకోనివ్వలేదు. బుగ్గన చుక్క, అరికాల్లో చుక్క. ఎవరైనా వచ్చి పిల్లేదీ అంటే పడుకుందనేది. స్నానం కూడా తనే చీకటిలో గబగబా పోసేసేది. ఒళ్ళు చూసి మురిసిపోతే ఇంట్లోవాళ్ళ దిష్టి మరీ చెడ్డదని ఆమె నమ్మకం.

దానయ్యకు మాత్రం ఫోటో పంపారు. ఎర్రమ్మ తమ్ముడి ఫోనులో తీసి పంపారు. అది చూసి పడవలో అందరికీ చూపించాడట. అక్కణ్ణుంచి ఫోన్ చేసి, "ఏటే, నా కూతురేనా, ఎవల కూతుర్నైనా నిలబెట్టినావా?" అని పెళ్ళాన్ని ఆటపట్టించాడట.

ఇక ఆ సోమవారం.

ఓపీ నిండా జనం. నూకరత్నం కొత్త గౌను వేసుకుని వచ్చింది. నడక మందంగా ఉంది, కొత్త చెప్పులు కరుస్తున్నాయనుకున్నాను. మొహం గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. కాటా మీద నిలబెట్టాను. పద్దెనిమిది. అప్పయ్యమ్మ కోసం అంకె గట్టిగా అనకుండా సుగుణ గారి చెవిలో చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది. ఆ వయసు పిల్లలకు ఉండవలసిన బరువుకు దగ్గరకు వచ్చేసింది. తల్లి నా మొహం వైపు చూసింది. చేతివేళ్ళతో సైగ చేశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం అది.

డాక్టర్ వసంత గారు లైటు పెట్టి గొంతు చూశారు. "గొంతు చాలా బాగుంది. జ్వరాలు వచ్చాయా?"

"ఒక్కపాలీ రానేదమ్మా," అంది ఎర్రమ్మ.

"తింటోందా?"

ఎర్రమ్మ తడబడింది. "మొదట్లో బాగా తిందమ్మా. ఈమధ్యన పెద్దగా..."

అప్పయ్యమ్మ కోడల్ని మాట పూర్తి చేయనివ్వలేదు. "తినకపోతే ఇంత ఒళ్ళెలాగొస్తాదే? నీ మాట ఇని పైనున్నోడు నవ్వుతాడు. సూడండమ్మా, పుట్టెంటికల్నాడు సేయించిన పట్టీలు, ఏడాది బట్టి జారిపోతుంటే దారం కట్టీవోళ్ళం. ఇప్పుడు బిగిసిపోయి ఊడి రాటం నేదు. కొత్తయి సేయించాల."

గొప్పగానే చెప్పింది. మనవరాలి గౌను అంచు నలుగురిలో మొదటిసారి పైకెత్తి, కాళ్ళు చూపించింది.

డాక్టర్ వసంత గారు రాస్తున్న కలం ఆపారు. కుర్చీలోంచి లేచి, కింద మోకాళ్ళ మీద కూర్చున్నారు. పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంది. దాని పైన కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి, కాసేపు అలాగే ఉంచి, తీశారు. వేలి అచ్చు అక్కడే ఉండిపోయింది. సొట్ట పైకి రాలేదు.

రెండో కాలు కూడా నొక్కారు. అదే సొట్ట.

మాకు అర్థం కావడానికి ముందు అప్పయ్యమ్మకు అర్థమైంది. గౌను అంచు ఆమె చేతిలోంచి జారిపోయింది. వంగి కూర్చుంది. తనూ ఆ కాలి మీద వేలు పెట్టి నొక్కి చూసింది.

"ఓలమ్మా... ఇది ఒళ్ళు కాదు. నీరు."

ఎర్రమ్మ "ఏటత్తా? ఏటంటన్నావు?" అంది.

"నీరే ఎర్రమ్మా. ఏలం పాటలో సేప కొన్నప్పుడు నానేటి సేత్తాను? ఏలెట్టి నొక్కుతాను. సొట్ట లేసొస్తే ఎత్తుకుంటాను, నేకపోతే ఒగ్గేత్తాను. ఐసు నీళ్ళు పీల్సిన సేప కాటా మీద తూగుతాది, పొయ్యి మీద నీరైపోతాది. ఇన్నేళ్ళ బట్టి ఊరోళ్ళందరి సేపలూ నొక్కినాను. ఈ పిల్ల కాలు మాత్తరం నొక్కనేదే."

డాక్టరు గారు ఆమెను ఆపలేదు. ఎర్రమ్మ వైపు తిరిగి మెల్లగా అడిగారు: పొద్దున్న లేచేసరికి కళ్ళు ఉబ్బి ఉంటున్నాయా? మూత్రం తక్కువ పోస్తోందా? రెంటికీ ఎర్రమ్మ తల ఊపింది. నిద్ర ఎక్కువై కళ్ళు ఉబ్బాయనుకున్నారు. వేసవిలో చెమట పట్టి ఒంటికి పోయడం తగ్గిందనుకున్నారు. పిల్ల మూడు రోజులుగా కడుపు నొప్పి అంటోంది. అప్పయ్యమ్మ వాము నీళ్ళు పట్టింది.

పిల్లల డాక్టరు మూర్తి గారు మా ఆసుపత్రికి సోమవారాలూ గురువారాలూ వచ్చేవారు. ఆ రోజు ఉన్నారు. పరుగెత్తుకెళ్ళి పిలుచుకొచ్చాను. ఆయన పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. పిల్ల ఏడ్చింది. మూత్రం పట్టించి తెమ్మన్నారు. కొంచెమే వచ్చింది, నురగ నురగగా. మా ల్యాబులో పాత పద్ధతి ఒకటి ఉండేది. గాజు గొట్టంలో మూత్రం పోసి మంట మీద వేడి చేస్తారు. మామూలుదైతే తేటగా ఉంటుంది. ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రపిండాల్లోంచి జారిపోతుంటే, అవి వేడికి గడ్డ కడతాయి. ఆ గొట్టంలోది కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు తెల్లగా గడ్డ కట్టేసింది. గొట్టాన్ని మంట మీద పట్టుకున్నది నేనే.

మూర్తి గారు తల్లికి చెప్పిన మాట ఇది: పిల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఒంట్లో సత్తువంతా బయటికి పోతోంది, దాని చోట నీరు నిలిచింది. తిని పెరిగిన బరువు కాదు. పొట్టలో చేరిన నీటికి చీము కూడా పట్టినట్టుంది. వెంటనే వైజాగ్ పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఎర్రమ్మ ఒకటే అడిగింది. "గొంతు కోయించినందుకే వచ్చిందా బాబూ?"

"కాదమ్మా. ఆపరేషన్ వల్ల వచ్చే జబ్బు కాదు ఇది. చాలామంది పిల్లలకు టాన్సిల్స్‌తో సంబంధం లేకుండానే వస్తుంది. ఎందుకొస్తుందో మేమూ సరిగ్గా చెప్పలేం." ఆయన అబద్ధం చెప్పరు. మిగతాదీ చెప్పారు, "ముందే తెలిస్తే మందుకు లొంగే జబ్బు."

మా ఆసుపత్రి బండిలోనే పంపించాం. సుగుణ గారు నన్ను కూడా ఎక్కమన్నారు. దారంతా పిల్ల తల నా ఒళ్ళో ఉంది. పట్టీలు బిగిసి కాళ్ళు నొప్పి అంటుంటే మూర్తి గారే బయలుదేరేముందు కత్తెరతో కత్తిరించారు. అప్పయ్యమ్మ ఆ ముక్కలు కొంగున కట్టుకుంది. కొత్తవలస దగ్గర రైలు గేటు పడింది. గూడ్సు బండి వెళ్తుంటే నూకరత్నం తల ఎత్తి పెట్టెలు చూడబోయింది, చాతకాలేదు. "నువ్వు సూసి సెప్పు ఆయా," అంది. ఎన్ని పెట్టెలు ఉన్నాయో చూసి చెప్పాను. అది చివరిసారి ఆ పిల్ల నాతో మాట్లాడటం.

వైజాగ్‌లో మందులు మొదలుపెట్టారు. నీరు తీసింది. నీరు తీసినకొద్దీ పిల్ల చిక్కింది. నేను ఆదివారం సెలవులో చూడబోయాను. మంచం మీద ఏప్రిల్ నాటి పిల్ల కూడా లేదు, అంతకంటే సన్నం. బుగ్గలు పోయి దవడలు బయటపడ్డాయి. అక్కడి నర్సు బరువు పదకొండు అంది. మా కాటా చూపిన ఒళ్ళంతా ఎటు పోయిందో తెలిసింది. పొట్టలో పట్టిన చీము రక్తంలోకి పాకింది. జూలై ఆఖరి వారంలో పిల్ల పోయింది.

దానయ్య వచ్చేసరికి మట్టి చేసేశారు. రైలులో అంత దూరం రావాలి, ఆగలేదు. పదిహేను రోజుల తర్వాత మా ఆసుపత్రికి వచ్చాడు. గొడవకు వచ్చాడేమోనని వాచ్‌మన్ ఆపాడు. నేను లోపలికి తీసుకొచ్చాను. డాక్టర్ వసంత గారు అతని ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చివరిదాకా చెప్పారు. ఏదీ దాచలేదు. మే నెల తర్వాత, జూన్‌లో ఒక్కసారి చూపించి ఉంటే బతికేది, ఆ మాట కూడా చెప్పారు. అతను కేకలు వెయ్యలేదు. బయటికొచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. ఫోను తీసి ఆ ఫోటో చూపించాడు. పొడుగు గౌను, గుండ్రటి మొహం, బుగ్గన చుక్క.

"పిన్నీ, ఇందులో బాగున్నాది గదా?"

"బాగుంది."

"ఇదంతా నీరేనా?"

నేను అబద్ధం చెప్పే మనిషిని కాను. చెప్పినా అతను నమ్మడు. "నీరే నాయనా," అన్నాను.

కాసేపు చూసుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పడవలో అందరికీ సూపించినాను," అన్నాడు. "మిఠాయి కూడా పెట్టినాను." తర్వాత లేచి వెళ్ళిపోయాడు.

అప్పయ్యమ్మ చేపల గంప మానలేదు. మానితే ఇల్లు గడవదు. కోడలితో గొడవలు మాత్రం మానేసిందని విన్నాను.

ఆ తర్వాత మా ఓపీలో పద్ధతి మారింది. టాన్సిల్స్ తీసిన పిల్ల తనిఖీకి వచ్చినప్పుడు బరువుతో పాటు పొడుగు కూడా చూడాలని, కాళ్ళు నొక్కాలని, బరువు ఉన్నట్టుండి ఎక్కువ పెరిగితే మూత్రం పరీక్ష చేయించాలని డాక్టర్ వసంత గారు పెట్టారు. నేను రిటైరయ్యేదాకా అది నడిచింది. ఇప్పుడూ నడుస్తోందనుకుంటాను.

నేను తెలుసుకున్నది ఇది. బరువు పెరగడం వేరు, ఒళ్ళు రావడం వేరు. కాటాకు ఆ తేడా తెలియదు. టాన్సిల్స్ తీసిన పిల్ల తిండి తిని నిదానంగా పెరుగుతుంది. పెరిగే పిల్ల పరుగెడుతుంది, బట్టలు పొట్టివవుతాయి. తిండి తగ్గి బరువు హెచ్చితే, పొద్దున్న కళ్ళు ఉబ్బితే, ఒంటికి తక్కువ పోస్తే, అది సంతోషించే బరువు కాదు. మేమందరం ఏది చూడాలని కోరుకున్నామో అదే ఎదురుగా కనబడింది. అందుకే ఎవరమూ రెండోసారి చూడలేదు. పిల్ల ఒంటిని దిష్టి తగులుతుందని దాచకూడదు. పగటి వెలుగులో, బట్టలు తీసి, తల నుంచి పాదం దాకా చేత్తో తడిమి చూడాలి.

ఆ సోమవారం ఓపీ గదిలో ఉన్నవాళ్ళం: సర్జన్ వసంత గారు, పిల్లల డాక్టరు మూర్తి గారు, హెడ్ సిస్టర్ సుగుణ గారు, నాయనమ్మ అప్పయ్యమ్మ, తల్లి ఎర్రమ్మ, థియేటర్ ఆయా పైడమ్మ అనే నేను, నూకరత్నం.